గ్యాసు బావికి మటిక పిండి

డిసెంబరు 3

ముప్పై రోజులు ఫేస్‌బుక్ ముట్టుకోకూడదట. మా ఆవిడ సరళ పెట్టిన షరతు. పోయిన వారం నేను ముగ్గురు మిత్రులతో, ఒక పాత విద్యార్థితో, ఎవరో ముక్కూ మొహం తెలియని పశువైద్యుడితో తగువు పెట్టుకున్నానట. బీపీ మాత్ర పెంచిన డాక్టరు కూడా ఆమె పక్షాన చేరాడు. "కోపమొస్తే ఇందులో రాసుకో. చదివేవాళ్ళుండరు, జవాబిచ్చేవాళ్ళుండరు" అని ఈ నోటుపుస్తకం నా చేతిలో పెట్టి కాలేజీకి పోయింది. పెళ్ళయి పాతికేళ్ళయినా నా మీద ప్రయోగాలు మానలేదు. కెమిస్ట్రీ లెక్చరర్ను చేసుకున్నందుకు ఫలితం.

జవాబిచ్చేవాడు లేకుండా వాదించడం అంటే ఆకలి లేకుండా తినడం. సరే. మొదలుపెడతాను.

ఈ దేశంలో కరువును వానతో కొలవడమే మొదటి మోసం.

(ఇది రాసి పది నిమిషాలయింది. ఎవరూ కాదనలేదు. చప్పగా ఉంది.)

డిసెంబరు 7

యూసుఫ్ వచ్చాడు. సరళ దగ్గర ఇంటర్ చదివిన పిల్లవాడు. ఇప్పుడు ముప్పై దాటాయి. కోస్తాలో గ్యాసు బావులకు మరమ్మతులు చేసే కంపెనీలో ఇంజనీరు. మా కళ్యాణదుర్గం వాడే కాబట్టి వచ్చినప్పుడల్లా మేడమ్‌కి ఖర్జూరం పెట్టె, నాకు ఒక వాదన తెస్తాడు.

ఈసారి గోరుచిక్కుడు తెచ్చాడు. అంటే గోరుచిక్కుడు గింజల గురించి మాట తెచ్చాడు. మా పక్క మటిక్కాయ అంటాం. ఆ గింజలో పప్పును పిండి చేసి నీళ్ళలో కలిపితే జిగురులా చిక్కబడుతుంది. వాళ్ళ బావుల్లోకి అది కావాలట. ఇంతవరకూ రాజస్థాన్ నుంచి తెప్పించుకుంటున్నారట.

"సార్, కంబదూరు పక్కన మీ మారెక్క నడిపే ఆడోళ్ళ సంఘం ఈసారి మటికలే వేసినారంట గదా?"

వేశారు. ఎందుకు వేశారో నాకంటే ఎవరికి బాగా తెలుసు? జూన్‌లో వాళ్ళ ఊరికి పోయి, వేరుశనగ మీ మెడకు ఉరితాడు, మటిక వేయండి అని గంటన్నర ఉపన్యసించింది నేను. ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు విని వేశారు. పంట వచ్చింది. కొనేవాడు రాలేదు. వచ్చిన ఒక్కడూ పశువుల దాణాకైతే తీసుకుంటానన్నాడు. ఈ సంగతి నేను ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాయవచ్చు.

అయినా యూసుఫ్‌ను ఊరికే వదల్లేదు. భూమి కడుపు తోడే కంపెనీలకు మా ఆడవాళ్ళ పంట ఎందుకివ్వాలి అని గంటసేపు అడిగాను. వాడు టీ తాగి, వాచీ చూసుకుని, "మీరు చెప్పేది నిజమే సార్. మీ ఇంట్లో పొయ్యి ఏం గ్యాసు సార్?" అన్నాడు.

సరళ లోపలికి పోయి నవ్వింది. గోడలు పలచన.

డిసెంబరు 11

మారెక్క ఊరు. సంఘానికి చిన్న పప్పుమిల్లు ఉంది. నాలుగేళ్ళ కిందట మారెక్క ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించింది. ఏడాదిలో రెండు నెలలు ఆడుతుంది, పది నెలలు పిచుకలు కాపురముంటాయి. యూసుఫ్ మాట నిలిస్తే ఏడాది పొడుగునా ఆడుతుంది. ఆమె కళ్ళలో అదే కనపడుతోంది. మాట్లాడేటప్పుడు కూడా చేయి మిల్లు మీదే ఉంది.

యూసుఫ్ అరుగు మీద కూర్చుని బావి సంగతి చెప్పాడు. ముసలి బావి. లోపల గ్యాసు ఒత్తిడి తగ్గిపోయింది. గొట్టం మార్చాలంటే గ్యాసు పైకి తన్నకుండా బావి నిండా నీళ్ళు నింపాలి. కానీ బలం లేని నేల, పోసిన నీళ్ళు పోసినట్టే తాగేస్తుంది. అందుకని ముందు మటిక జిగురును అడుగుకు పంపుతారు. అది గ్యాసు వచ్చే రంధ్రాలకు అడ్డం నిలబడుతుంది. దానిపైన నీళ్ళు నిలుస్తాయి. మూడు రోజుల్లో పని ముగిస్తారు. తర్వాత ఒక మందు పంపితే జిగురు పలచని నీళ్ళయి బయటికి వచ్చేస్తుంది. గ్యాసు మళ్ళీ పారుతుంది.

"చేని కాలవకు మడవ కట్టి, పనైనాక తీసేసినట్ల" అంది మారెక్క.

"అంతే అక్కా."

తిప్పమ్మకు అరవై దాటాయి. సంఘంలో ప్రతిపక్షం ఆమే. "మడవకేసిన మట్టి పారతో తీస్తాం. అంత లోతులో పార ఎవురు పడతారు నాయనా? నువ్వు దిగుతావా?"

"అందుకే గదవ్వా మటిక పిండి. అదే కరిగిపోతాది. కరగకుండా రవ్వంత మిగిలినా బావి గొంతు మూసుకుంటాది. మళ్ళీ తెరిచేది మన చేతిలో ఉండదు."

నేను లేచి, ఇందులో ఉన్న రాజకీయార్థం గురించి కొంత చెప్పాను. తిప్పమ్మ పక్కామెతో అంటోంది: "సారు మాట్లాడితే మేగాలు గూడా నిలబడి ఇంటాయి. అందుకే మనకు వానల్లేవు."

నవ్వారు. నేనూ నవ్వాను. మంచి వాక్యం. నాది కాకపోవడమే లోపం.

డిసెంబరు 14

పిండి ఎలా చేయాలో కంపెనీ ఇంగ్లీషులో రెండు పేజీలిచ్చింది. తెలుగు చేసిపెట్టమని యూసుఫ్ నన్నడిగాడు. పదకొండు అంశాలు. పొద్దుననగా కూర్చుంటే మధ్యాహ్నానికి అయింది.

నాలుగో అంశం చదివి రక్తం ఉడికింది. "గింజలకు ఏ దశలోనూ మట్టి అంటరాదు." ఎవరికి చెబుతున్నారయ్యా? మట్టిలో పుట్టి మట్టిలో బతికేవాళ్ళకు మట్టి అంటకూడదా? ఏసీ గదిలో కూర్చున్నవాడి అసహ్యం ఆ వాక్యం నిండా ఉంది. మా ఆడవాళ్ళు పప్పు పట్టడం వీళ్ళ తాతల కాలం నుంచీ ఎరుగుదురు.

తీసేశాను. దాని చోట ఇది రాశాను: "పప్పు పట్టడంలో మీ అమ్మమ్మల అనుభవమే మీకు గురువు." పదకొండు అంశాలు పదకొండుగానే ఉన్నాయి.

చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టేలా ఉంది.

డిసెంబరు 29

పిండి చూసి వచ్చాను. ఎంత మెత్తగా ఉందో! యూసుఫ్ చూపించిన రాజస్థాన్ పిండి పాలిపోయిన తెలుపు. మనది లేత ఎరుపు. మన నేల రంగే పిండికి వచ్చింది. మారెక్కతో ఆ మాటే అన్నాను.

"రాదా మరి" అంది ఆమె గర్వంగా.

జనవరి 3

షరతు ముగిసింది. నమూనా పిండి పది కిలోలు బస్సులో పంపించి, ఫేస్‌బుక్ తెరిచి, "మన నేల రంగు" అని పెద్ద పోస్టు పెట్టాను. రెండు వందల పన్నెండు లైకులు. పశువైద్యుడు కూడా కొట్టాడు. సరళ ఈ నోటుపుస్తకం మళ్ళీ నా బల్ల మీద పెట్టింది.

జనవరి 9

కబురు లేదు.

జనవరి 15

కబురు లేదు. మారెక్క రెండుసార్లు ఫోన్ చేసింది. పెద్ద కంపెనీలు పేదవాళ్ళను నిరీక్షణలో ఉంచడమే ఒక ఆయుధంగా వాడతాయని చెప్పాను. "ఊఁ, ఫలితమెప్పుడొస్తాది సారూ?" అంది.

జనవరి 22

ఫెయిల్.

కంపెనీ ల్యాబులో జిగురు బ్రహ్మాండంగా అడ్డం నిలిచిందట. మూడు రోజులు చుక్క నీళ్ళు దిగనివ్వలేదట. మందు వేశాక జిగురు కరిగింది కానీ దారి తెరుచుకోలేదు. ముందు పారినదాంట్లో నూటికి ఎనభై ఐదు వంతులు తిరిగి పారాలి. నలభై ఒకటి పారింది. "బావిలో వేసుంటే బావి పోయుండేది సార్" అన్నాడు యూసుఫ్. గొంతు దిగులుగా ఉంది. ఆ దిగులు నేర్పుతారేమో వాళ్ళకు కంపెనీలో.

మారెక్కకు నేనే చెప్పాను. అంకెలు రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "ఇరవయ్యారిండ్లకు నేనేం చెప్పాల?" అంది. అడిగింది నన్ను కాదు. ఎవరినో.

జనవరి 23

కుట్ర. స్పష్టం. రాజస్థాన్ వ్యాపారులూ, కంపెనీ కొనుగోలు విభాగమూ కుమ్మక్కు. మా పత్రిక కోసం పద్నాలుగు పేజీలు ఒక్క ఊపులో రాశాను. మూడు వందల కాపీల పత్రికే కావచ్చు. నిప్పురవ్వ కూడా చిన్నదే.

సరళ పద్నాలుగు పేజీలూ చదివింది. చివర, "మిగిలిన పిండి ఉందా?" అంది. అరకిలో ఉందన్నాను. డబ్బాలో పోసుకుని కాలేజీకి తీసుకెళ్ళింది.

జనవరి 25

కాలేజీ ల్యాబ్. సరళ గాజు జాడీలో పిండిని జిగురు చేసి, కరిగించే మందు వేసి, గోరువెచ్చగా ఒక రోజు ఉంచింది. ఇవాళ నన్ను పిలిచి చూపించింది. జిగురు నీళ్ళయింది. జాడీ అడుగున వేలి మందాన ఎర్రగా పేరుకుని ఉంది.

"ఏంది ఇది?" అన్నాను.

"నువ్వు చెప్పు. మన నేల రంగు మీద రాసినోడివి నువ్వు గదా."

జాడీ సరిగ్గా కడిగి ఉండరన్నాను. ఇంకో జాడీ చూపించింది. నీళ్ళలో ఉంటుందన్నాను. వట్టి నీళ్ళ జాడీ చూపించింది. ఆడమనిషి వాదించకుండా జాడీలు పెడుతూ పోతే ఎవరితోనని వాదించాలి?

జనవరి 27

మారెక్క ఊరు. మిల్లు ఆగి ఉంది. మామూలుగా మాట్లాడుతున్నట్టే అడిగాను, గింజలు ఎట్లా పట్టారని.

"కందులు పట్టినట్లే సారూ. నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, ఒక రాత్రి కుప్పేసి, ఎండబెట్టి ఆడించినాం. మన్ను పట్టించకపోతే పొట్టు యాడ ఇడుస్తాది, పప్పుబేడ యాడ ఇడుస్తాది? మా అమ్మమ్మ అట్లే చేస్తాండె. నువ్వు గూడా అదే రాసినావు గదా?" అని, లోపలి నుంచి నా కాగితం తెచ్చింది. అట్ట వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుంది. నాలుగో అంశం మీద వేలు పెట్టి చూపించింది. అందరిలోకీ బాగా నచ్చింది అదేనట.

మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

జనవరి 28

ఎండ ముదురుతోంది.

జనవరి 29

బస్సుల్లో రద్దీ ఎక్కువ. ఊరికి పోలేదు.

జనవరి 30

యూసుఫ్ ఫోన్. మార్చిలో బావి పని. ఇంకొక్క నమూనాకు కంపెనీ ఒప్పుకుందట. కానీ మొదటిది ఎందుకు చెడిందో, ఎవరి వల్ల చెడిందో రాసి సంతకంతో పంపాలట. కారణం తెలియకుండా రెండోసారి పరీక్షించరట. ఫిబ్రవరి ఐదు గడువు.

"మారెక్కతో రాయిస్తారా సార్? సంఘం పొరపాటని?"

వాదించకుండా ఫోన్ పెట్టేశాను. నాకు తెలిసి ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

ఫిబ్రవరి 1

రాశాను. మూడు పేజీలు. మొదటి పేజీ నిండా వలస పాలన మన చేతిపనుల మీద కొట్టిన దెబ్బ. రెండో పేజీలో అనువాదం అనే ప్రక్రియలోని అంతర్గత వైరుధ్యాలు. మూడో పేజీ చివర, "ఈ నేపథ్యంలో ఒక అంశం తగిన విధంగా ప్రతిఫలించకపోయి ఉండవచ్చు" అని.

సరళకిచ్చాను. ఎర్రపెన్ను తీసుకుంది. మొదటి పేజీ కొట్టేసింది. రెండోది కొట్టేసింది. మూడో పేజీలో చివరి వాక్యం కింద గీత గీసి, "ఎవురు?" అని రాసింది. అంతే. ఒక్క మాట.

రాత్రి అన్నం దగ్గర ఆ మాటే అడిగాను. "ఎవురంటే?"

"నువ్వు వేరేవాళ్ళను రోజూ అడిగే ప్రశ్నే మల్లికార్జునా. ఎవరు చేశారు, పేరు చెప్పండి అని."

పాతికేళ్ళ కిందట ఇలాంటి మాటలకే పడిపోయాను. ఇప్పుడు పెరుగు పోసుకోకుండానే లేచాను.

ఫిబ్రవరి 2

తుది ప్రతి:

"మీరిచ్చిన సూచనల్లో నాలుగోదాన్ని నేను తెలుగులో రాయలేదు. మరిచిపోలేదు, కావాలనే తీసేశాను. దాని బదులు మీరు రాయని మాట రాశాను. సంఘం వాళ్ళు నా కాగితం ప్రకారమే చేశారు. తప్పు నాది. మల్లికార్జున."

ఐదు వాక్యాలూ ఒక పేరూ. చెయ్యి నొప్పి పుట్టింది. పద్నాలుగు పేజీలకు పుట్టలేదు.

పంపే ముందు ఊళ్ళో చదవాలి. పంపేశాక చదివితే అది వేరే రకం పిరికితనం అవుతుంది.

ఫిబ్రవరి 3

మిల్లు ముందు అందరూ కూర్చున్నారు. ఉపోద్ఘాతం లేకుండా చదివాను. చదివి, కాగితం మడిచి, నిలబడ్డాను.

మారెక్క నా ముఖం వైపే చూస్తోంది. ఇరవై ఆరు ఇళ్ళకు మాటిచ్చి, పది రోజులుగా తన చేతి పనినే అనుమానించుకున్న మనిషి. తిట్టినా బాగుండు.

"అంటే, మన్ను వద్దని వాళ్ళు రాసింది, నువ్వు తీసేసినావు?"

"అవును."

"మాకు ఇనేదానికి కష్టమైతాదనా?"

"అవమానంగా ఉంటాదని."

"మన్ను వద్దంటే నాకు యాడ అవమానం సారూ? జొన్నరొట్టెకు మన్ను అంటితే మా ఇంట్లో వాళ్ళు గూడా వద్దంటారు. వాళ్ళ మీద గూడా రాస్తావా?"

మొదట తిప్పమ్మ నవ్వింది. తర్వాత అరుగంతా నవ్వు. నేను నిలబడే ఉన్నాను. నవ్వు తగ్గాక మారెక్క మాత్రం నవ్వకుండా అంది: "పది దినాలు నిద్ర పట్టలేదు నాకు. మా అమ్మమ్మ నేర్పిన పని తప్పేమోనని. కందికి ఒప్పే. దీనికి తప్పు. ఆ ముక్క ముందే తెలిసింటే ఇంకో రకం చేస్తాంటిమి గదా. మాకు చేతకాదని నువ్వనుకుంటివి."

అలా అనుకోలేదు అనబోయాను. అనలేదు. అనుకున్నానేమో. వాళ్ళను పొగిడింది నేను, చేతనవుతుందని నమ్మి అడిగింది కంపెనీవాడు.

"సరే, పంపు" అంది. "ఇంగ మన్ను లేకుండా పొట్టెట్లా తీయాలో చూస్తాం. ఎనిమిది మూటలు ముందే మన్ను పట్టించి పెట్టినాం. అవి దాణాకే పోవాల. ఆ మూటలు బండికి ఎత్తేది నువ్వు."

ఎత్తాను. ఎనిమిది. యాభై రెండేళ్ళ నడుముతో.

ఫిబ్రవరి 6

నడుము. అయొడెక్స్. సరళ చాలా సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 9

మూడు రోజులుగా ఊళ్ళోనే. పొట్టు మీద యుద్ధం. ముందు గింజను ఊరికే ఎండబెట్టి ఆడించారు, నూకయింది. బుడ్డలు, అంటే వేరుశనగలు, వేయించే బాణలిలో వేడి చేశారు, కొంత మాడింది. తిప్పమ్మ ఉపాయం చెప్పింది: మిల్లు కప్పు రేకుల మీద మధ్యాహ్నమంతా ఎండనిచ్చి, బాణలిలో చేయి పెట్టి ఓర్చుకునేంత వేడి చూపించి, వెంటనే మిల్లులో రాళ్ళు కాస్త ఎడం చేసి వేయాలని. పొట్టు విడిచింది! బేడలు గాజు ముక్కల్లా మెరుస్తున్నాయి.

నా పని జల్లెడ. తిప్పమ్మ పర్యవేక్షణ.

"ఏమప్పా, జల్లెడ పడతాండావా, ఊయలూపుతాండావా?"

పిండి తెల్లగా వచ్చింది. పాలిపోయిన తెలుపు. ఎంత బాగుందో చెప్పలేను.

ఫిబ్రవరి 26

ఎనభై తొమ్మిది!

రెండో నమూనా ఫలితం. యూసుఫ్ అరిచాడు ఫోన్‌లో. నేనూ అరిచాను. పక్కింటి వాళ్ళు వచ్చి క్రికెట్టా అని అడిగారు.

మారెక్కకు చెబితే, "ఎనభయ్యైదు చాలంటిరి గదా? నాలుగు ఎక్కువెందుకు?" అంది. తర్వాత ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు. మిల్లు స్విచ్ వేసిన చప్పుడు.

మార్చి 21

బావి పని ముగిసింది. యూసుఫ్ వీడియో కాల్ చేశాడు. మిల్లు ముందు అందరం ఒక ఫోన్ చుట్టూ. పొడవాటి గొట్టం చివర మంట లేచింది, ముందు చిన్నగా, తర్వాత ఆపకుండా.

"చూసినారా అక్కా! ముందెంత వస్తాండెనో అంత వస్తాంది!"

"మా పిండి యాడ?" మారెక్క.

"నీళ్ళై బయటికొచ్చేసినాది. లోపల ఏం లేదు."

తిప్పమ్మ మంటవంక చూస్తూ, "వచ్చినాది, పని చేసినాది, తప్పుకున్నాది. ఇట్లాంటి మనిషిని ఒక్కణ్ణి సూపీండి ఈ మండలంలో" అంది.

ఏడాదికి సరిపడా ఆర్డరు ఖాయమని యూసుఫ్ చెప్పాడు. మారెక్క చెంగుతో ముఖం తుడుచుకుని, చెమట అంది. ఎండ ఉంది, కాదనను.

భూగర్భ ఇంధనాల మీద నా అభిప్రాయం మారలేదు. యూసుఫ్‌కి ఆ సంగతి గుర్తు చేశాను. మంటను ఆర్పేదాకా ఆగమన్నాడు.

జూన్ 8

తొలకరి ముందు సంఘం సమావేశం. ఈసారి ఏం వేయాలి? నేను సిద్ధపడి వెళ్ళాను. ఇరవై ఆరు ఇళ్ళూ మొత్తం మటికే వేయాలని నా వాదం. ఆర్డరు ఉంది, మిల్లు ఉంది, నేర్పు ఉంది. ఇంకా వేరుశనగ అంటూ వెనక్కి చూడటం ఏం చైతన్యం? చరిత్ర నుంచి, నేల స్వభావం నుంచి, ప్రపంచ మార్కెట్ నుంచి ఉదాహరణలిచ్చాను. ఎవరూ అడ్డు రాలేదు. అందరూ తలలు వంచుకుని శ్రద్ధగా వింటున్నారు. ఇంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

అయిపోయాక మారెక్క, "సగం మటిక, సగం బుడ్డలు. చేతులెత్తండి" అంది. ఇరవై ఆరు చేతులు.

"ఒక్క వ్యతిరేక ఓటు" అని నేనూ చేయెత్తాను.

"నీకు ఓటు లేదు సారూ. నువ్వు సంఘంలో లేవు."

"మరి అంతసేపు ఎందుకు మాట్లాడనిచ్చినారు?"

మారెక్క కొంగు దులుపుకుని లేచింది. అప్పుడు చూశాను. ఒక్కొక్కరి ఒడిలో విత్తనం వేరుశనగ కాయలు, ముందు గుట్టలుగా పొట్టు. "ఇత్తనం ఒలిచేది శానా ఉండాది. ఊరికే కూచోని ఒలిస్తే నిద్రొస్తాది."

నా ఉపన్యాసం పొడవు మూడు మూటలు. నాలుగోది విప్పుతున్నారు. తిప్పమ్మ ఒక చేట నా వైపు జరిపి, "ఇంగేమన్నా చెప్పు నాయనా" అంది.

చెప్పాను. ఒలుస్తూ.